జెన్యూన్ మావయ్య

మా మావయ్య పాలప్యాకెట్టును కూడా నమ్మేవాడు కాదు. దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకుని, అటూ ఇటూ తిప్పి, అంచు అతుకు మీద గోటితో గీకి చూశాక గాని వంటింట్లోకి పంపేవాడు కాదు. పాలు వేసే మనిషి మొదట్లో నొచ్చుకున్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు. చివరికి, సార్‌కి శ్రమ దేనికని తానే ప్యాకెట్టును వెలుతురుకి ఎత్తి చూపించి ఇవ్వడం మొదలుపెట్టాడు. దాంతో మావయ్యకి అతని మీద అనుమానం రెట్టింపయింది.

ఆయన పని అలాంటిది. మోటారు విడిభాగాలు అమ్మే ఒక పెద్ద కొట్టులో రిటర్న్ కౌంటరు ఆయనది. కొన్న సరుకు పాడైందని తిరిగి తెచ్చేవాళ్ళు ఆయన ముందుకే రావాలి. వచ్చిన ప్రతివాడిదీ ఒకటే పాట: ఇది మీ దగ్గరే కొన్నాను, జెన్యూన్ అని చెప్పి ఇచ్చారు, బండి నాలుగు రోజులు తిరక్కుండానే పోయింది. అది నిజంగా అక్కడ కొన్నదేనా, లేక పక్కవీధిలో దొరికే నకిలీ సరుకుని ఆ కొట్టు డబ్బాలో పెట్టి తెచ్చాడా అన్నది మావయ్య తేల్చాలి. బేరింగు అయితే చెవి దగ్గర పెట్టుకుని తిప్పేవాడు. చెక్కిన అంకెల మీద గోరు ఆడించేవాడు. డబ్బా మీది అచ్చుని, లోపలి గ్రీజు రంగుని, ఆఖరికి తెచ్చినవాడి చెప్పుల్ని కూడా చూసేవాడు. అన్నీ అయ్యాక, తలెత్తకుండా, "జెన్యూన్" అనో "జెన్యూన్ కాదు" అనో ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకి తిరుగు లేదు. కొట్టు యజమాని కూడా ఎదురు చెప్పేవాడు కాదు. అందుకే బజారు మొత్తానికి ఆయన పేరు జెన్యూన్. ఇంట్లో నాకు జెన్యూన్ మావయ్య.

నకిలీని పట్టుకోవడానికి ఆయనకో సూత్రం ఉండేది. అసలు సరుకు తన గురించి తాను పట్టించుకోదట. కాస్త గీతలు పడి ఉంటుంది, అచ్చు ఓ పక్కకి జరిగి ఉంటుంది, అయినా లెక్కచెయ్యదు. నకిలీదే తళతళ మెరుస్తూ, ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా ఉంటుందట, దొరికిపోతానేమోనన్న భయం దానిది కాబట్టి.

ఈ సూత్రాన్ని ఆయన కొట్టులోనే వదిలేసి వచ్చి ఉంటే మా ప్రాణాలకి సుఖంగా ఉండేది. ఫోటోలో పిల్ల నవ్వు మరీ కుదురుగా ఉందని ఒక సంబంధం వదిలేశాడు. పిల్ల తండ్రి మాటిమాటికీ "ఉన్నమాట చెబుతున్నాను" అంటున్నాడని ఇంకోటి వదిలేశాడు. అలా వదిలేస్తూ వదిలేస్తూ యాభై దాటాడు. "నీకు కావలసింది పెళ్ళాం కాదురా, వారంటీ కార్డు" అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

మా అమ్మ ఆయనకి అక్క, మూడేళ్ళు పెద్ద. మా నాన్న సరుకు ఓడల్లో పనిచేస్తూ ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉండేవాడు కాబట్టి నేనూ అమ్మా ఎప్పుడూ అమ్మమ్మ ఇంట్లోనే ఉండేవాళ్ళం. ముందుగది అమ్మమ్మ కుట్టుమిషనుది. ఎవరైనా గుడ్డ తెచ్చి మూడు మీటర్లండీ అంటే అమ్మమ్మ సరేనని తల ఊపి, వాళ్ళ ఎదుటే టేపు తీసి కొలిచేది. వాళ్ళు గుమ్మం దాటాక మళ్ళీ కొలిచేది. కత్తెర పెట్టే ముందు ఇంకోసారి. కాజాలు, అంచులు అమ్మ చూసుకునేది, నోటితో తమ్ముణ్ణి ఆడిపోసుకుంటూ.

అమ్మ ఆడిపోసుకోవడంలో ఒక మాట మాత్రం మారేది కాదు. చిన్నప్పటి నుంచీ అదే. "నువ్వు మా ఇంట్లో పుట్టలేదురా, జాలిపడి తెచ్చుకున్నాం" అనేది. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా పెద్దది చిన్నవాణ్ణి అనే మాటే అది. నేను పకపకా నవ్వేదాన్ని. అమ్మమ్మ మాత్రం నవ్వేది కాదు, దారం తెగిందన్నట్టు మిషను మీదికి వంగేది. మావయ్యా నవ్వేవాడు కాదు. ఆయన దేనికీ నవ్వడు కదా అనుకునేదాన్ని.

నా ఉద్యోగం కూడా ఒక విధంగా మావయ్య ఉద్యోగం లాంటిదే. ఇంగ్లీషు మాటలకి తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో నేను చిన్న సంపాదకురాలిని. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. అర్థం ఏమిటి, ఎక్కణ్ణుంచి వచ్చింది, జనం దాన్ని ఎలా వాడుతున్నారు అని మూడు గళ్ళు నింపాలి. ఆ ఏడు మా పెద్ద సంపాదకుడు నాకు విశేషణాలు అప్పజెప్పాడు. జెన్యూన్ కార్డు నా బల్ల మీదికి వచ్చిన రోజు, ఇంకెవరి దగ్గరికో వెళ్ళడం దేనికి, ఆ మాట తిని ఆ మాట తాగే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు కదా అని కార్డు పట్టుకుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం టీ తాగుతూ ఇద్దరం వాడుకలు పోగు చేశాం. జెన్యూన్ పార్టులు. జెన్యూన్ కారణం. మనిషి మాత్రం జెన్యూన్. జెన్యూన్‌గా చెప్పాలంటే, అని మొదలుపెట్టి చెప్పే అబద్ధాలు. రాస్తూ రాస్తూ ఉండగా నాకొక సంగతి తట్టింది. అనుమానం లేనిచోట ఈ మాట అడుగే పెట్టదు. కుళాయి తిప్పి మంచినీళ్ళు తాగేవాడు జెన్యూన్ నీళ్ళు అనడు. అమ్మని ఎవరైనా జెన్యూన్ అమ్మ అంటారా? అన్నారంటే అక్కడేదో తేడా ఉన్నట్టే. ఆ మాటే మావయ్యతో అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి నన్ను అదోలా చూశాడు, నేనేదో పాడైన బేరింగు తెచ్చినట్టు.

తెలుగులో దీనికి ఏం పెట్టాలి అన్నది తర్వాతి గొడవ. అసలైన అని పెట్టొచ్చు. కానీ అసలు అన్న మాటే మనది కాదు, అరబ్బుల దగ్గర బయలుదేరి ఉర్దూ గుమ్మంలోంచి మన ఇంట్లోకి వచ్చింది. అది విని మావయ్య కుర్చీలో ముందుకి జరిగాడు. అసలు అన్నదే తెచ్చుకున్న మాటా అని రెండుసార్లు అడిగాడు. ఇన్నేళ్ళుగా మన నోళ్ళలో పెరిగింది, ఇప్పుడు దాన్ని ఎవరూ ఎక్కణ్ణుంచి వచ్చావని అడగరు మావయ్యా అన్నాను.

పుట్టుక గడి మిగిలింది. లాటిన్‌లో పుట్టుకతో వచ్చిన, సహజమైన అని అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది జెన్యూన్. మన జననానికి దూరపు చుట్టం. పండితులు ఒప్పుకునేది ఇదే. ఇంకో కథ కూడా ఉంది. మోకాలు అనే లాటిన్ మాటలోంచి పుట్టిందని, అది మన ఆజానుబాహువులో ఉన్న జానుకి చుట్టమని. పూర్వం రోములో పుట్టిన బిడ్డను తండ్రి తన మోకాలి మీద పెట్టుకుంటే ఈ బిడ్డ నాది అని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టట. పెట్టుకోకపోతే కానట్టే. ఈ కథని నమ్మేవాళ్ళు తక్కువ, చెప్పుకునేవాళ్ళు ఎక్కువ.

నేను చెప్పి ముగించేసరికి మావయ్య లేచి వెళ్ళి ముందుగది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. అవతల మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పని సంగతి.

ఆయనకి పదేళ్ళప్పుడు, వెనకటి ఇంటి పొరుగావిడ ఒకామె చూడ్డానికి వచ్చిందట. పెద్దవాళ్ళ మాటల దగ్గర పిల్లలు ఉండకూడదని బయటికి పంపేస్తే, ఈయన కిటికీ కింద కూర్చుని గోళీలు ఆడుకుంటున్నాడు. పైనుంచి ఆవిడ మాట వినబడింది. ఇద్దరిలో తెచ్చుకున్న బిడ్డ ఎవరో పైవాళ్ళకి తెలియకుండా పెంచావమ్మా, అంది. అమ్మమ్మ ఏమందో వినబడలేదు.

"ఆ తెచ్చుకున్నది నన్నేనే" అన్నాడు మావయ్య.

అక్క ఎందుకు కాకూడదు అని నాకు వెంటనే తోచలేదు. ఆయనకైతే నలభై ఏళ్ళుగా తోచలేదు. ఆయన దగ్గర బోలెడు సాక్ష్యం ఉంది మరి. అమ్మమ్మ ఆయన్ని చెప్పు తెగేదాకా కొట్టింది, అక్క ఒంటి మీద ఒక్క దెబ్బ వెయ్యలేదు. కొత్త గుడ్డ వస్తే ముందు అక్కకి. పెద్ద ముక్క అక్కకి. అక్క అలిగితే అమ్మమ్మ బతిమాలేది, ఆయన అలిగితే ఇంకో రెండు తగిలించేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అమ్మమ్మా అక్కా ఇద్దరూ నాలుక కొస ఒకేలా బయటపెడతారు. ఆయన అద్దం ముందు కూర్చుని ప్రయత్నించాడు కూడా, రాలేదు. చెవులు, బొటనవేళ్ళు, పాత ఫోటోల్లో కనుబొమలు, అన్నీ కొట్లో వాడే భూతద్దం పెట్టి పోల్చి చూశాడు. సంబంధాలన్నీ ఎందుకు వదిలేశాడో కూడా అప్పుడే తెలిసింది. "నేనెవరో నాకే తెలియదు. ఇంకో పిల్లకి ఏమని చెప్పి కట్టబెడతారు నన్ను?" అన్నాడు. వారంటీ కార్డు జోకులకి నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి.

అమ్మమ్మని అడిగెయ్యొచ్చుగా అన్నాను. అడిగితే చెబుతుంది, అదే భయం అన్నాడు.

ఆ మాట పట్టుకున్నాక నాకూ నిద్రా తిండీ సరిగ్గా లేవు. అనుమానం అంటువ్యాధి. అమ్మమ్మ మిషను తొక్కుతుంటే ఆమె పాదాలు చూసేదాన్ని, వెంటనే మావయ్య పాదాలు చూసేదాన్ని. అమ్మ తల దువ్వుకుంటుంటే ఆమె చెవులు చూసేదాన్ని. ఏమిటే అలా గుచ్చిగుచ్చి చూస్తావ్, నీకు మీ మావయ్య గాలి సోకిందా అని అమ్మ కసురుకునేది.

ఇంతలో అమ్మమ్మ ఎడమ మోకాలు ఇక తొక్కనంది. ఎన్నో ఏళ్ళు మిషను తొక్కిన కాలు. లోపల కీలు పూర్తిగా అరిగిపోయింది, తీసేసి లోహపు కీలు వెయ్యాలన్నాడు డాక్టరు. ఈ వయసులో మత్తు ఇస్తే లేస్తానో లేదో అని అమ్మమ్మ గొణిగింది. మావయ్య ఆ మాట విన్నాడు. ఇక ఆలస్యం చేస్తే అడగడానికి మనిషే ఉండకపోవచ్చని ఆయనకి అర్థమైంది, అది ఆయన ముఖంలో నాకు కనబడింది.

ఆస్పత్రిలో ఆయన ప్రతాపం చూసి తీరాలి. నర్సు తెచ్చిన ప్రతి బిళ్ళనీ వెలుతురుకి ఎత్తి చూశాడు. థర్మామీటరు తన చంకలో పెట్టుకుని చూసి గాని అమ్మమ్మకి పెట్టనివ్వలేదు. రేపు వెయ్యబోయే కీలు నాకు చూపించండి అని డాక్టరు వెంటపడ్డాడు. ఆయన మంచివాడో, విసిగిపోయాడో గాని సీలు వేసిన డబ్బా తెప్పించి చూపించాడు. మావయ్య అంకెలు చదివాడు, స్టిక్కరు అంచు గీకాడు, విప్పి చెవి దగ్గర తిప్పి చూస్తానన్నాడు. విప్పితే పారెయ్యాల్సిందేనండీ, క్రిములు చేరతాయి అన్నాడు డాక్టరు. డబ్బా మరీ నీటుగా ఉంది అని మావయ్య నా చెవిలో అన్నాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. నేను కిటికీ దగ్గర నిలబడి నారింజపండు ఒలుస్తున్నాను. మావయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అమ్మమ్మ దుప్పటి అంచు సర్దుతూ, సర్దిందే సర్దుతూ ఉన్నాడు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. కోప్పడకు."

"ముందు అడుగు. కోపం సంగతి తరవాత చూద్దాం."

"మా ఇద్దరిలో ఒకళ్ళని తెచ్చుకున్నారు కదా."

అమ్మమ్మ వెంటనే తలుపు వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకున్నాక, ఎవరు చెప్పారని అడిగింది. ఆయన కిటికీ సంగతి చెప్పాడు. పదేళ్ళ వయసు నుంచీ ఇది కడుపులో పెట్టుకుని తిరిగావా అని ఆమె నమ్మలేనట్టు చూసింది.

"తెచ్చింది నన్నేనని నాకు తెలుసమ్మా. నాకేం బాధ లేదు. నీ నోటితో ఒక్కసారి చెప్పు, చాలు."

"నీకెలా తెలుసురా?"

"నన్ను కొట్టేదానివి. అక్కని ఎప్పుడూ కొట్టలేదు."

అమ్మమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. చీపురుపుల్లలా ఉన్న చెయ్యి చాపి ఆయన చెవి పట్టుకుంది.

"దాన్ని ఎలా కొడతానురా? నాకా హక్కు ఉందో లేదో అని చచ్చేంత భయం. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయేది. నిన్ను కొట్టడానికి నాకెవరి పర్మిషన్ కావాలి?"

నా చేతిలో నారింజ తొన నలిగి రసం మోచేతి దాకా కారింది.

తర్వాత ఆమె చెప్పిందంతా మెల్లగా, గోడ వైపు చూస్తూ చెప్పింది. పెళ్ళై ఎన్నేళ్ళైనా పిల్లల్లేరు. ఒకరోజు మా తాతయ్య రోజుల పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చాడు. ఎవరి బిడ్డో, ఎక్కడిదో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. తనని మాట మాత్రం అడక్కుండా తెచ్చాడని అమ్మమ్మకి ఒళ్ళు మండిపోయింది. మిషను మీంచి తలెత్తలేదు. తాతయ్య ఏమీ అనకుండా పిల్లని ఆమె ఎడమ మోకాలి మీద పెట్టి పక్కకి నిలబడ్డాడు. పడిపోతుందేమోనని ఈమె తొక్కడం ఆపింది. ఆపగానే పిల్ల గుక్కపట్టింది. మళ్ళీ తొక్కింది. ఊరుకుంది. ఆ పూట చీకటి పడేదాకా కుట్టడానికి గుడ్డ లేకపోయినా వట్టి మిషను తొక్కుతూ కూర్చున్నానురా అంది. మూడేళ్ళకి మావయ్య పుట్టాడు.

నా కార్డు మీద నమ్మకం తక్కువని రాసిన కథ, రేపు కోసి తీసెయ్యబోయే మోకాలిలో కూర్చుని ఉంది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఆ పిల్ల మా అమ్మ. అయితే నేనెవరిని? నా ముక్కు ఎవరిది? చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళు మావయ్య ఎక్కడ నిలబడ్డాడో నాకు ఒక్క క్షణంలో తెలిసింది, అక్కడ నిలబడడం నాకేమీ బాగోలేదు.

మావయ్య ముఖం మాత్రం నేను అలా ఎప్పుడూ చూడలేదు. తడుముకుంటున్నట్టు తన చెవి తానే పట్టుకుని చూసుకున్నాడు. అసలు ఇంత అనుమానం ఆయనకి ఎక్కణ్ణుంచి వస్తుంది? గుడ్డని మూడుసార్లు కొలిచే మనిషి కడుపునే కదా పుట్టింది. ఇంత పెద్ద ముద్ర ఒంటి నిండా వేసుకుని ఆయన తిరుగుతుంటే, ఇంట్లో ఉన్న నేను కూడా దాన్ని చూడలేకపోయాను.

"రేపు నాకేమైనా అయితే," అంటోంది అమ్మమ్మ, "ఆ తెచ్చుకున్న బిడ్డకి చెప్పాలో వద్దో నువ్వే..."

"ఎవర్ని తెచ్చుకున్నారు?"

గుమ్మంలో మా అమ్మ. చేతిలో మందుల సంచి. ముఖం మీద ఇంకా మెట్లెక్కిన ఆయాసం, దాని వెనక సన్నగా బయలుదేరుతున్న అనుమానం. ఆమె చూపు అమ్మమ్మ మీంచి నా మీదికి, నా మీంచి మావయ్య మీదికి తిరిగింది. పాత మాటలన్నీ ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పట్టుకోబోతోందని నాకు అర్థమైంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆమెకి సమాధానం దొరికేసేది.

"నన్నే" అన్నాడు మావయ్య.

అమ్మమ్మ నోరు తెరిచింది. దుప్పటి కింద ఆయన ఆమె చెయ్యి గట్టిగా నొక్కడం నేను చూశాను.

"చిన్నప్పట్నుంచీ నువ్వు అంటూనే ఉన్నావుగా అక్కా. నువ్వు చెప్పిందే నిజం. అమ్మ ఇప్పుడే ఒప్పుకుంది."

అబద్ధాలు పట్టుకోవడమే తప్ప ఆడడం తెలియని మనిషి. కానీ ఆ రోజు ఆయన మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మ మందుల సంచి నేల మీద పెట్టి, అక్కడే కుర్చీలో కూలబడి, నేను ఊరికే అనేదాన్నిరా, నవ్వులాటకి అనేదాన్నిరా అని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. మావయ్య ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు.

నాకు పట్టలేని కోపం వచ్చింది. ఆయన్ని వరండాలోకి లాక్కెళ్ళి నిలదీశాను. ఇన్నేళ్ళు ఎదురుచూసింది చేతికి వచ్చిన పూటే ఎవరైనా ఇచ్చేస్తారా, కాసేపైనా దగ్గర ఉంచుకోవా అన్నాను.

ఆయన గోడకి ఆనుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నాకు ఈ అనుమానంతో బతకడం అలవాటేనే. మీ అమ్మకి అలవాటు లేదు."

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మమ్మ లేచింది, నడిచింది, కొన్నాళ్ళకి కుడికాలితో మిషను తొక్కడం కూడా మొదలుపెట్టింది. మావయ్య మాత్రం ఆమె నడిచినప్పుడల్లా చెవి అటు పడేసి కీలు చప్పుడు వినేవాడు.

ఇంట్లో మారింది అమ్మ. తమ్ముణ్ణి ఆడిపోసుకోవడం పూర్తిగా మానేసింది. ఒరేయ్ పోయి నాయనా వచ్చింది. పెద్ద కప్పు ఆయనకి, ముందు వడ్డన ఆయనకి, ఫ్యాను కింద కుర్చీ ఆయనకి. పాలప్యాకెట్టు గీకి చూస్తుంటే కూడా ఏమీ అనకుండా పక్కన నిలబడేది. ఆమె తప్పేమీ లేదు, భయపడుతోంది. ఎక్కడ ఏ మాట తగులుతుందోనని చూసుకుని చూసుకుని మాట్లాడుతోంది, వెనకటికి అమ్మమ్మ ఆమెతో మాట్లాడినట్టే. మావయ్యకి ఆ పెద్ద కప్పు టీ గొంతు దిగేది కాదు. మీ అమ్మ నన్నెప్పుడు తిడుతుందే అని ఒకసారి నన్ను అడిగాడు, కొత్త చోట దిగిన చుట్టంలా ముఖం పెట్టి. చెప్పెయ్యనా అని నాలుక కొస దాకా వచ్చింది నాకు, చాలాసార్లు. అమ్మమ్మ ఇదంతా చూస్తూ ఉండేది. కొడుకు మీద పడ్డ ఆ మర్యాదంతా చూసి ఆమె మిషను మీద సూదులు విరగ్గొట్టేది.

అలా చాలా నెలలు గడిచాక ఒక ఉదయం మావయ్య కొత్త టీపొడి డబ్బా మూత తీసి, వాసన చూసి, చిటికెడు చేతిలో పోసుకుని, వేలితో నలిపి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి. అమ్మ అటూ ఇటూ తిరిగింది, పెదవి కొరుక్కుంది, ఇక ఆగలేకపోయింది.

"ఒరేయ్, జాలిపడి తెచ్చుకున్నందుకు మమ్మల్ని కాల్చుకు తింటున్నావు కదరా!"

అని, అన్న వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

మావయ్య ముఖం వెలిగిపోయింది. ఏదో అనబోయాడు కూడా. ఈలోగా ముందుగదిలోంచి కొత్త కీలు మీద ఎంత వేగంగా నడవొచ్చో అంత వేగంగా వచ్చింది అమ్మమ్మ. వచ్చి, యాభై నాలుగేళ్ళ మా అమ్మ వీపు మీద ఫెడీమని ఒకటి చరిచింది.

"వాణ్ణి ఇంకోసారి ఆ మాట అన్నావంటే పళ్ళు రాలగొడతాను."

అమ్మ వీపు తడుముకుంటూ, నమ్మలేక, ఈ వయసులో కొడతావేంటమ్మా అంది. అమ్మమ్మ తన చేతి వైపు చూసుకుంది. తర్వాత మావయ్య వైపు చూసింది. ఆయన టీపొడి పరీక్ష చేస్తున్నట్టు కిటికీ వైపు తిరిగిపోయాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఇప్పుడు ఆ ముగ్గురూ లేరు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. మా అమ్మ ఆ దెబ్బ సంగతి పోయేదాకా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. మా అమ్మ నన్ను జన్మలో ఒక్కసారే కొట్టింది, అదీ మా తమ్ముడి కోసం, అని.